ఎర్రగట్టు మంటమ్మకు పండుమిరప నైవేద్యం

పూర్వం, మన దేశంలో కారమంటే మిరియమే తప్ప మరొకటి ఎరుగని కాలంలో, కృష్ణానదికి దక్షిణాన ఎర్రగట్టు అనే చిన్న దుర్గాన్ని దామప నాయకుడనే ధర్మపరుడు పరిపాలిస్తూ ఉండేవాడు. దుర్గమంటే పెద్దగా ఊహించుకోవలసిన పని లేదు. ఒక రాతిగోడ, గోడ లోపల కొన్ని గడపలు, గోడ బయట జొన్నచేలు, వీటన్నిటినీ పైనుంచి కనిపెట్టి చూస్తున్నట్టు కొండకొమ్మున నిలువెత్తు నల్లరాయిగా వెలసిన ఒక అమ్మవారు. ఆ తల్లికి అప్పటికి పేరు లేదు, కొండమీది అమ్మ అనేవారు. ఇప్పుడు అర్చకస్వాములు సంకల్పంలో హాసబాష్పాంబికా దేవి అని ఎంతో శ్రావ్యంగా చెబుతారు గాని, బస్సు దిగి ఆ పేరుతో దారి అడిగిన భక్తుడు మళ్లీ అదే బస్సెక్కి వెళ్లిపోవలసిందే. మంటమ్మ గుడి అని అడగాలి. అలా అడిగితే చంటిపిల్లలు కూడా వేలు పెట్టి చూపిస్తారు. ఆ పేరు ఆ తల్లికి ఎందుకు వచ్చిందో, మనుషులు కోరి కోరి నోరు కాల్చుకోవడం ఏ కారణాన మొదలైందో చెప్పేదే ఈ వృత్తాంతం.

ఎర్రగట్టువారు వీరవంశీయులు. యుద్ధంలో నేలకొరిగినవాడు నిటారైన కొండదారిన కాలినడకన వీరస్వర్గానికి ఎక్కిపోతాడనీ, వెనక అతని కోసం తనవారు కార్చే ప్రతి కన్నీటిబొట్టూ ఆ దారిమీదే పడి బురద చేస్తుందనీ, జారిపడ్డవాడికి మళ్లీ ఆ దారి దొరకదనీ వారి విశ్వాసం. అందుచేత పూర్వులు ఆ దుర్గంలో కంటతడి పెట్టరాదని కట్టడి చేశారు. ఆ కట్టడి చూసే పెద్ద పెదమల్లయ్య మహా నిష్ఠాపరుడు. ఒకానొక యుద్ధం తరువాత కొన్ని ఇళ్లలో ఆడవారు అవసరానికి మించి ఉల్లిపాయలు తరుగుతున్నారని ఆయనకు అనుమానం కలిగి, ఉల్లిని పొలిమేర అవతలే తరుగుకొని మూతపెట్టి తేవాలని చాటింపు వేయించాడు. పాపం, ఆయనకు మాత్రం ఉల్లి లేని పులుసు నచ్చుతుందా? అయినా నియమం నియమమే. ఏడుపు మానుకున్న ఊరు క్రమంగా నవ్వడం కూడా మరచిపోయింది. పెళ్లిపందిట్లో సైతం మనుషులు తీర్పు వినడానికి వచ్చినట్టు బిగుసుకొని కూర్చునేవారట.

ఆ ఊళ్లో అమ్మవారి వంటసాలలో నైవేద్యం వండే భాగ్యం కొమ్మసాని అనే ఇల్లాలికి దక్కింది. ఆమెకు భర్త లేడు, గన్నడని ఒక్కడే కొడుకు. ఆ సంవత్సరం దొంగలదండు రేవు దాటి వచ్చి ఊరి ఆలమందలను తోలుకుపోతుంటే దామప నాయకుడు వెంటబడ్డాడు. ఆ పోరులో నాయకుడి రొమ్ముకు గురిపెట్టిన ఈటెకు గన్నడు అడ్డుపడి ప్రాణం విడిచాడు. మందలు తిరిగి వచ్చాయి, నాయకుడు తిరిగి వచ్చాడు, గన్నడు రాలేదు. కొమ్మసాని కొడుకు ముఖాన పసుపునీళ్లు చల్లి, తన కళ్లు ఎర్రగా పొడిగా ఉండగానే కాటికి సాగనంపింది. ఊరంతా ఆమె ధైర్యాన్ని మెచ్చుకుంది. కాని ఆనాటి నుంచి ఆమె గొంతు పూడుకుపోయింది. గంజి తప్ప మెతుకు దిగదు. మనిషి చూస్తుండగానే ఎండుపుల్ల అయిపోయింది.

నాయకుడు స్వయంగా వైద్యుణ్ణి తీసుకొని వచ్చి చూపించాడు. ఆ వైద్యుడు పొరుగూరివాడు కాబట్టి కట్టడి సంగతి తెలియక, ఉన్నమాట అనేశాడు.

"ఈమెకు రోగం లేదు దొరా. ఏడుపు లోపల గడ్డకట్టింది. ఒక్కసారి బావురుమని ఏడిస్తే బతుకుద్ది. లేకపోతే వానలదాకా ఉండదు."

కొమ్మసాని ఆ మాట విని మంచం మీద లేచి కూర్చుంది. "నేనేడిస్తే నా బిడ్డ ఆ కొండమీద నుంచి జారతాడయ్యా. ఇప్పటికి సగం దూరం ఎక్కుంటాడు. నేను పోయినా పర్లేదు, వాణ్ణి పోనియ్యి" అన్నది. నాయకుడు తల వంచుకొని బయటికి నడిచాడు. ఆ ఈటె ఎవరికి తగలవలసిందో ఆయనకు తెలుసు. అయినా నాయకుడే ఏడిస్తే ఇక కట్టడి ఏముంటుంది? ఆయన కూడా చాలాకాలంగా తిండిమీద ధ్యాస లేకుండా ఉన్నాడు.

ఫాల్గుణమాసంలో గన్నడి పేర వీరశిల నిలపడానికి ముహూర్తం పెట్టారు. శిల నిలిపిన రోజున కొండమీద అమ్మవారికి నివేదన చేసి, నాయకుడి మొదలు పశులకాపరి వరకూ ఒకే వరుసలో కూర్చుని ప్రసాదం తినాలి. అది అమ్మ ప్రసాదం గనుక ఆకులో మెతుకు వదలరాదు, నోట్లో పెట్టుకున్నది ఉమ్మరాదు. కొమ్మసాని నిలబడే ఓపిక లేకపోయినా, కొడుకు పండుగకు మరొకరి చేతివంట ఏమిటని పట్టుబట్టి తానే వంటసాలకు వెళ్లింది. తీరా చూస్తే మిరియాలు లేవు. దొంగల భయానికి, సరుకుల బస్తాలు మోసుకొచ్చే పెరికెల ఎడ్లు ఆ దారిన రావడం మానేశాయి. కారం లేని నైవేద్యం అమ్మకు ఎలా పెట్టడమని ఆమె దిగులుపడుతూ ఉండగా, మధ్యాహ్నపు ఎండలో నెత్తిన గంపతో ఒక ముసలమ్మ వచ్చి వంటసాల అరుగుమీద చతికిలబడింది.

"ఆకలేస్తందమ్మా, ఇంత పెట్టు" అన్నదా ముసలమ్మ. తన నోటికి మెతుకు పోక నెలలైనా, కొమ్మసాని ఆమెకు జొన్నకూడు, పెరుగు పెట్టి, విసనకర్రతో విసురుతూ దగ్గర కూర్చుంది. ముసలమ్మ కడుపునిండా తిని, గంపమీది గుడ్డ తొలగించింది. గంపనిండా ఎర్రగా నిగనిగలాడే వేలెడంత కాయలు. సముద్రపు రేవులో ఓడలవాళ్ల దగ్గర కొన్నానని, కారానికి ఇవి మిరియాలకన్న బాగుంటాయని చెప్పింది.

"ఎన్నెయ్యాలమ్మా?" అని అడిగింది కొమ్మసాని.

"మిరియాలు ఎన్నేస్తావో అన్నెయ్యి తల్లీ."

ఊరందరి వంటకు కొమ్మసాని మిరియాలు దోసిళ్లతో పోసేది. అదే కొలతన ఆ పండుకాయలను రోట్లో వేసి, చింతపండు, ఉప్పు చేర్చి మెత్తగా నూరింది. చేతులు మణికట్టు దాకా భగ్గుమన్నాయి. మరొకరైతే అక్కడే ఆగిపోయి ఉండేవారు. అంతకన్న పెద్ద మంటను లోపల మోస్తున్న ఆ తల్లికి ఇది పట్టించుకోవలసిన సంగతిగా తోచలేదు. అమ్మవారి ముందు ఆకు పరిచి, వేడి అన్నం మీద ఆ ఎర్రని పచ్చడి ముద్దంత పెట్టి, తలుపు మూసి నివేదన చేయించి, వడ్డనకు వచ్చింది.

నాయకుడు మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. వరుసంతా ఆయనను అనుసరించింది. ఒక్క క్షణం ఎవరికీ ఏమీ కాలేదు, పులుపు బాగా కుదిరిందని కూడా కొందరు అనుకున్నారు. ఆ తరువాత నాలుక చివర రాజుకున్నది కొండనాలుకను దాటి, చెవుల్లోంచి బయటికి పోతున్నట్టు పాకింది. ఉమ్మడానికి వీలులేదు, అది ప్రసాదం. అబ్బా అనడానికి వీలులేదు, వీరవంశం. నీళ్లు తాగినవాడికి మంట రెట్టింపయింది. ఈటెపోట్లకు చలించని యోధులు రెండు చేతులా తొడలు పట్టుకొని ఆకాశంవైపు చూస్తూ కూర్చున్నారు. నెత్తిన చెమటలు, ముక్కున ధార, చివరికి, ఎన్ని తరాలుగానో పొడిగా ఉన్న ఆ కళ్లలోంచి బొటబొటా నీళ్లు. అందరికన్నా ముందు కారింది పెదమల్లయ్య కళ్లే.

నాయకుడు తన చెంపమీది తడిని తాను గుర్తించి అదిరిపడ్డాడు. గొంతు పెగుల్చుకొని వరుసవైపు తిరిగి, "ఎవురూ ఏడవడం లేదు గదా?" అన్నాడు.

"లేదు దొరా. కారం" అన్నాడు పక్కవాడు.

"కారం దొరా", "కారమే దొరా" అంటూ ఆ మాట వరుస చివరిదాకా పాకి, పశులకాపరి దగ్గర వెక్కిళ్లతో ఆగింది. కళ్లు, ముక్కు ఏకమై, మీసాలు తడిసి, నాలుకలు బయటపెట్టి, ఏడవడం లేదని ఒకరికొకరు ప్రమాణం చేస్తున్న ఆ మహావీరులను చూసి ఎవరో కిసుక్కుమన్నారు. ఆ నవ్వు అంటుకుంది. అన్నాళ్లుగా నవ్వెరుగని ఊరు, పొట్టలు పట్టుకొని, దగ్గుతూ, ఉస్సు ఉస్సుమంటూ నవ్వింది. తీరా చూస్తే నోరు మండిందే గాని ఎక్కడా కాలలేదు. ప్రాణం పోయిందనుకున్నవాడు నిక్షేపంగా ఉన్నాడు. గండం గడిచిన హాయి ఒళ్లంతా చల్లగా దిగింది. ఆకులో ఇంకా పచ్చడి ఉందేమోనని వాళ్ల చేతులు వాళ్లకు తెలియకుండానే వెతికాయి.

కొమ్మసాని మాత్రం గరిట పట్టుకొని దూరంగా నిలబడింది. కొడుకు పండుగనాడు ఊరిచేత కట్టడి తప్పించానన్న భయం ఆమెది. నాయకుడు లేచి ఆమె దగ్గరికి వెళ్లాడు.

"నువ్వు తిన్నావా అమ్మా?"

"నాకు దిగదు దొరా."

నాయకుడు తానే ఒక ముద్ద కలిపి ఆమె నోటికి అందించాడు. అమ్మ ప్రసాదం గనుక ఆమె కాదనలేక మింగింది. ఆ మంట పూడుకున్న గొంతును చీల్చుకుంటూ దిగింది. మొదట కళ్లలో నీళ్లు తిరిగాయి, తరువాత పెదవి వణికింది. ఆ తరువాత ఆ తల్లి నేలమీద కూలబడి, "గన్నా! నా అయ్యా! గన్నా!" అంటూ కొండ ప్రతిధ్వనించేలా భోరున ఏడ్చింది.

నవ్వులు ఆగిపోయాయి. అందరూ పెదమల్లయ్య వైపు చూశారు. కట్టడి చూసే పెద్ద, అడగక తప్పదు. ఆయన తువ్వాలుతో ముఖం తుడుచుకొని, కష్టంమీద ఆమె ముందుకు వచ్చాడు.

"కొమ్మసానీ, ఏడుస్తున్నావా అమ్మా?"

ఆమె తల ఎత్తింది. "లేదు మామా" అన్నది వెక్కుతూ. "కారం."

పెదమల్లయ్య, "అవునమ్మా. కారం ఎక్కువైంది" అని, పక్కనే కూలబడ్డాడు. ఆయనకూ పూర్వం ఒక యుద్ధంలో పోయిన తమ్ముడున్నాడు. నాయకుడు ఆ ఇద్దరి మధ్య మోకాళ్లమీద కూర్చుని, ఆ ఈటెను తలచుకొని, గన్నణ్ణి తలచుకొని, నాయకరికం పక్కనపెట్టి ఏడ్చాడు. ఆయనను ఎవరూ ఏమీ అడగలేదు.

తెప్పరిల్లాక అందరికీ ఒకే భయం పట్టుకుంది, గన్నడు జారిపడ్డాడేమోనని. పరుగున వెళ్లి అమ్మవారి గుడి తలుపులు తెరిచారు. నైవేద్యపు ఆకు మెతుకు లేకుండా ఊడ్చినట్టుంది. నల్లరాతి ముఖాన, ఎవరూ చెక్కని రెండు కళ్ల దిగువన, అంతకుముందు లేని రెండు తడిచారలు గడ్డందాకా దిగి ఉన్నాయి. రాతి పెదవిమీద నవ్వు కూడా ఉంది. పాదాల దగ్గర ముసలమ్మ ఖాళీగంప బోర్లించి ఉంది, ముసలమ్మ మాత్రం ఎక్కడా లేదు. అమ్మే తిని, అమ్మే ఏడ్చాక ఇక ఎవరి స్వర్గానికి ఏం ప్రమాదమని ఊరివారందరూ చేతులెత్తి మొక్కారు. కొమ్మసాని గుడిమెట్లమీద కూర్చుని మజ్జిగన్నం తిన్నది, ఆపైన మరొకసారి పెట్టమన్నది. ఆమె చాలాకాలం బతికి, ఆ గంప అడుగున అంటుకొని మిగిలిన గింజలను కొండవాలున చల్లి పెంచిందని పెద్దలు చెబుతారు.

దామప నాయకుడు పూర్వుల కట్టడిని రద్దు చేయలేదు. పెద్దలు పెట్టినదాన్ని తీసివేయడం ఆ వంశంలో ఆచారం కాదు. కారంవల్ల వచ్చే కన్నీరు కన్నీరు కింద రాదని ఒక్క వాక్యం చేర్పించాడు, అంతే. వంటసాలలో కాయలు ఇంకా మిగిలే ఉన్నాయి కాబట్టి, మరునాడు ప్రతి ఇంటినుంచీ కొమ్మసాని గడపకు గిన్నెలు వచ్చాయి. నిన్న చచ్చిపోతామన్నవారే, ఇవాళ ఇంకాస్త ఎర్రగా నూరమన్నారు. వయసు కుర్రవాళ్లు పందేలు వేసుకొని పచ్చికాయలు నమలడం మొదలుపెట్టారు. ఉల్లిపాయలు కూడా సగౌరవంగా పొలిమేర లోపలికి వచ్చాయి. పెదమల్లయ్య మూడు పూటలా పులుసు తాగాడు.

ఇప్పటికీ మంటమ్మ తల్లి ముఖాన ఆ రెండు చారలను, హారతి వెలుగులో ఆ చిరునవ్వును చూడవచ్చు. ఫాల్గుణంలో తిరునాళ్లకు వచ్చినవారు వరుసల్లో కూర్చుని పండుమిరప ప్రసాదం తిని, కళ్లు తుడుచుకొని, పగలబడి నవ్వి, మజ్జిగ తాగి లేస్తారు. ఆ పంక్తికి ఒక మర్యాద ఉంది. పక్కవారి కంట నీరు కనిపిస్తే, ఏడుస్తున్నావా అని అడగాలి. కారమని జవాబు చెప్పాలి. ఆపైన మరొక ప్రశ్న వేయకూడదు.

క్రిందటి తిరునాళ్లకు మేమూ ఆ వరుసలో కూర్చున్నాము. ఏటా ఇల్లాలితో కలిసి వచ్చే ఒక పెద్దాయన ఆసారి ఒక్కడే వచ్చి మాకెదురుగా కూర్చున్నాడు. చుట్టూ ఒకటే గోల, నవ్వులు. ఆయన కళ్లనుంచి ధారగా నీళ్లు కారుతున్నాయి. పక్కనున్న ఆడమనిషి అటు తిరిగి, మర్యాద ప్రకారం, "ఏం పెద్దాయనా, ఏడుస్తున్నావా?" అని అడిగింది.

"లేదమ్మా. కారం" అన్నాడాయన.

మజ్జిగ గ్లాసులు పెట్టి వెళ్లారు గాని, పచ్చడి వడ్డన ఇంకా ఆ వరుసకు రాలేదు. ఆయన ముందున్న ఆకు కడిగింది కడిగినట్టే ఉంది. ఆమె ఆ ఆకువైపు చూసి, తన మజ్జిగ గ్లాసు ఆయన ముందుకు జరిపింది.

"అవును పెద్దాయనా" అన్నది. "ఈ ఏడు కారం బాగా ఎక్కువైంది."