ఇత్తడి వేలు

పీరును ఎత్తుకుని ఊరేగాల్సిన రోజే ఉసేనప్పకు అది పీరేనా అన్న అనుమానం వచ్చింది. పెళ్లిపీటల మీద కూర్చున్నాక పిల్ల ఎవరని అడిగినట్టు.

వాళ్లది సేద్యగాళ్ల ఇల్లు. ఇలవేల్పు కదిరి నరసింహస్వామి. కానీ పుట్టిన బిడ్డలు నిలవకపోతే తల్లి సుంకులమ్మ ఊరి పీర్ల చావిడిలో మొక్కుకుంది. ఈసారి బిడ్డ బతికాడు. పీరు పేరే కలిపి ఉసేనప్ప అని పెట్టుకున్నారు. ఆ సీమలో అట్లాంటి పేర్లు చాలా ఇళ్లలో ఉంటాయి, ఎవరూ వింతగా చూడరు. మీసాలొచ్చాక మొహర్రం చివరి రోజున కొడుకు చేత పీరును ఎత్తిస్తానని కూడా ఆమె మొక్కులో ఉంది. అందుకే అతణ్ణి చావిడి చూసుకునే మాబు సాయబు దగ్గర శిష్యుడిగా చేర్చింది.

పండగకు ముందు గురువు పెట్టె తెరిస్తే పీరు వేలొకటి విరిగి ఉంది. పీరంటే వాళ్లకు కర్ర చివర నిలబెట్టే ఇత్తడి చెయ్యి. ఉసేనప్ప దాన్ని సంచిలో వేసుకుని కంచరి మౌనాచారి దగ్గరకు తీసుకుపోయాడు. మౌనాచారి ఆ చేతిని కాలి కింద తొక్కిపట్టి, ఆకురాయితో రుద్ది, వేలు అతికించి, వక్కాకు ఉమ్మేసి తిరిగిచ్చాడు. ఉసేనప్ప దాన్ని పైగుడ్డతో తుడిచి కళ్లకద్దుకున్నాడు.

ఇప్పుడు చావిడిలో అదే మౌనాచారి, పట్టుబట్టలు చుట్టిన పీరు ముందు చక్కెర పొట్లం పట్టుకుని, కళ్లనీళ్లు కారుస్తూ నిలబడ్డాడు.

"మొన్న కాలి కింద పెట్టుకుంటివి కదన్నా?" అని చెవిలో అడిగాడు ఉసేనప్ప.

"సామి ముందర అవేం మాటలురా!" అని మౌనాచారి లెంపలేసుకున్నాడు.

దాంతో ఉసేనప్పకు ఉన్న మతి కూడా పోయింది. మూలన దండ కడుతున్న గురువు ముందు కూలబడ్డాడు.

"నేను ఎత్తలేను సామీ. దీన్ని చేసింది మనమే. మనం చేసుకున్నదానికే మనం మొక్కుతుండాం."

కాదని గురువు అంటాడనుకున్నాడు. కోప్పడినా బాగుండేది.

"అవు, మనమే చేసినాం," అన్నాడు మాబు సాయబు ముడి వేస్తూ.

"అయితే ఇదంతా అబద్ధమా?"

"వేలు బాగా అతికినాడు మౌనాచారి. గీత కూడా కనపడదు చూడు."

"నేనడిగేది అది కాదు సామీ! మాయమ్మ బయట కాచుకోనుంది. పొద్దుట్నుంచి పచ్చి మంచినీళ్లు ముట్టలేదు. నేను ఎత్తాల్సింది ఇత్తడినా, సామినా?"

గురువు పూలు ఏరుకుంటున్నాడు.

"పోతా అయితే."

"పో."

ఉసేనప్పకు ఏడుపొచ్చింది. బయట డప్పులు మోగుతున్నాయి. తల్లి కంట పడకుండా జనం వెనకగా నడిచాడు.

"రేయ్ తిప్పన్నా!" వెనక గురువు గొంతు. ఎవరినో పిలుస్తున్నాడనుకున్నాడు.

"రేయ్ గోవిందూ!"

నడుస్తూనే ఉన్నాడు.

"ఉసేనప్పా!"

తిరిగాడు. తిరగాలో వద్దో అనుకునేలోపే తిరిగాడు. గురువు దండ చేతబట్టుకుని గడప మీద నిలబడి ఉన్నాడు.

"ఎందుకు తిరిగితివి?"

"మీరు పిలిస్తిరి కదా."

"ముందు కూడా నిన్నే పిలిస్తి."

"అవి నా పేర్లు కావు సామీ."

"ఇది మటుకు? తల్లి కడుపులోంచి తెచ్చుకుంటివా?"

"మావాళ్లు పెట్టినారు."

మాబు సాయబు లోపలికి వెళ్లి దండను పీరుకు వేసి, పక్కకు జరిగాడు.

ఉసేనప్ప గడప దాకా వచ్చి ఆగిపోయాడు. ఏదో తెలిసినట్టే ఉంది, పట్టుకోబోతే జారిపోతోంది. తన పేరు పీరు ఇచ్చింది. పీరును చేసింది మనుషులు. మరి ఆ పేరు వినగానే తిరిగిన మనిషిని ఎవరు చేశారు?

"ఉసేనప్పా! ఒరే ఉసేనప్పా!" బయట తల్లి వెతుక్కుంటోంది. అన్ని డప్పుల మధ్యా ఆ గొంతు వినబడుతూనే ఉంది.

అతను తలకు గుడ్డ చుట్టుకుని, వంగి కర్ర పట్టుకున్నాడు. మొన్న సంచిలో ఒంటిచేత్తో మోసుకొచ్చిందే. ఇప్పుడు రెండు చేతులకూ లేవలేదు. కర్ర బరువో, దండల బరువో తెలియలేదు.

"బరువుగా ఉంది సామీ," అన్నాడు.

"ఉంటుందిరా," అన్నాడు మాబు సాయబు. "ఎత్తు."