ఆర్పేసిన పసుపు లైటు

నీకే చెబుతున్నాను. తప్పు చూపించినవాడి మీద కోపం తెచ్చుకుంటావే, ఆ తప్పు మీద ఏనాడైనా తెచ్చుకున్నావా? లేదు. అయితే కూర్చో. ఓబులేసు సంగతి విను.

గుత్తి బైపాసు పక్కన హుసేన్ పీరా అనే ముసలి మెకానిక్కుకు కార్ల షెడ్డు ఉండేది. ఓబులేసు ఆయన దగ్గర తొమ్మిదేళ్ళు పని నేర్చుకున్నాడు. అందరూ ఉస్తాద్ అని పిలిచే ఆ గురువుకు చూపు తగ్గింది. "రంజాన్ అయినాక షెడ్డు నీదే" అని నలుగురి ముందు చెప్పాడు. ఆ షెడ్డులో ఒక పద్ధతి ఉంది. డ్రైవరు తాళం ఎవరి చేతిలో పెడితే ఆ బండికి వాళ్ళే పూచీ. అన్నేళ్ళూ తాళాలు ఉస్తాద్ చేతికే వచ్చాయి. ఇక తన చేతికి రావాలని ఓబులేసు ఎదురు చూస్తున్నాడు.

అప్పుడు డ్రైవరు తిరుపాలు బండి వచ్చింది. పాత కారు. వారానికి మూడుసార్లు ముగ్గురు కిడ్నీ రోగులను అనంతపురం ఆస్పత్రికి తీసుకెళ్ళి రక్తం శుద్ధి చేయించి తీసుకొచ్చే బండి. మీటరులో, ఇంజనులో తేడా ఉందని చెప్పే గుర్తు పసుపుగా వెలుగుతోంది.

ఓబులేసు బండి లోపాలు చదివే మిషను, తన స్కానర్ తగిలించాడు. గాలి, పెట్రోలు పాళ్ళు కుదరలేదని అది చూపించింది. సెన్సారు మార్చి, స్కానర్‌తోనే లైటు ఆర్పాడు. రెండు రోజులకు మళ్ళీ వెలిగింది. ప్లగ్గులు మార్చాడు. మళ్ళీ వెలిగింది. మూడోసారి పెట్రోలు ఫిల్టరు మార్చాడు.

నాలుగోసారి తిరుపాలు షెడ్డు ముందే హారన్ కొట్టాడు.

"ఏమప్పా ఓబులేసూ, పెద్ద మెకానిక్కు అయితాండావంట! ఈ లైటు నిన్ను చూసి నవ్వుతాంది చూడు. వెనక కూర్చునే సుబ్బమ్మత్త అది వెలిగినప్పుడల్లా గోవిందా అంటాంది. నాకు గుండె జారుతాంది."

పక్కనున్న డ్రైవర్లు నవ్వారు. ఓబులేసు ముఖం నల్లబడింది.

"సాయంత్రం రా. మళ్ళీ వెలిగితే నా పేరు మార్చుకుంటా" అన్నాడు.

ఆ మధ్యాహ్నం ఉస్తాద్ నమాజుకు వెళ్ళినప్పుడు ఓబులేసు మీటరు విప్పాడు. పాత బండ్లలో బల్బులు విడివిడిగా ఊడతాయి. ఇంజను గుర్తును వెలిగించే ఆ ఒక్క బల్బు ఊడదీసి జేబులో వేసుకున్నాడు.

సాయంత్రం తిరుపాలు వచ్చి చూసి సంతోషపడ్డాడు. "అన్నా, గెలిచినావు పో" అని తాళం కోసం చెయ్యి చాచాడు.

ఓబులేసు ఇవ్వబోతుంటే ఉస్తాద్ మధ్యలో ఆ తాళం అందుకున్నాడు. కారులో కూర్చుని, ఇంజను స్టార్టు చేయకుండా తాళం సగం తిప్పాడు. అలా తిప్పితే మీటరులో లైట్లన్నీ ఒకసారి వెలగాలి. ఆయన ముఖం మీటరుకు దగ్గరగా పెట్టి చూశాడు. ఆపి, మళ్ళీ తిప్పాడు. మళ్ళీ చూశాడు. ఇంజను గుర్తు ఒక్కటే వెలగలేదు.

"తిరుపాలూ, ఈ బండి పోదు" అన్నాడు.

"అదేంది సాయిబూ! పొద్దున ఆరింటికి వాళ్ళు రెడీగా ఉంటారు."

"వేరే బండి మాట్లాడు. ఇది పోదు."

ఓబులేసు ముందుకొచ్చాడు. "ఉస్తాద్, అందరి ముందర నా పరువు తీయద్దు. బండి బాగా నడుస్తాంది. లైటు ఒక్కటే తప్పు చూపిస్తాండె. నా మిషను చెప్పింది నేను చేసినా."

ఉస్తాద్ తిరుపాలు వైపు తిరిగాడు.

"లైటు ఎక్కడ వెలుగుతుంది?"

"పామిడి దాటినాక, ఎత్తు ఎక్కేటప్పుడు. బండి కొంచెం గుంజుకుంటాది."

"ఓబులేసుకు చెప్పినావా?"

"ఆయన అడగల్యా."

ఉస్తాద్ బానెట్ ఎత్తాడు. ఇంజను స్టార్టు చేయమని, హ్యాండ్‌బ్రేక్ లాగి, మొదటి గేరులో క్లచ్ మెల్లగా వదలమని తిరుపాలుకు చెప్పాడు. ఎత్తు ఎక్కుతున్నట్టే ఇంజను ఒక పక్కకు ఒరిగింది. ఉస్తాద్ ఓబులేసు మణికట్టు పట్టుకున్నాడు. ఇంజనుకు గాలి తీసుకెళ్ళే లావుపాటి రబ్బరు గొట్టం కిందికి అతని చేతిని తోశాడు.

ఇంజను నిటారుగా ఉన్నప్పుడు మూసుకుని ఉండే చీలిక అక్కడ తెరుచుకుని, లెక్కలో లేని గాలిని లోపలికి లాగుతోంది. ఓబులేసు వేలిని లోపలికి పీల్చింది.

ఓబులేసు చెయ్యి వెనక్కి తీసుకోలేదు. ఇంజను ఆపేదాకా అలాగే ఉంచాడు.

"బల్బు?" అన్నాడు ఉస్తాద్.

ఓబులేసు జేబులోంచి తీసి ఇచ్చాడు. అప్పుడు తిరుపాలుకు అర్థమైంది. అరవలేదు.

"నా బండిలో ముగ్గురు మనుషులు కూర్చుంటారు, ఓబులేసూ" అని ఒక్క మాట అన్నాడు.

డ్రైవర్లు వెళ్ళిపోయాక ఓబులేసు బింకంగానే నిలబడ్డాడు. "పొమ్మంటే పోతా ఉస్తాద్. కాళ్ళు పట్టుకోను."

"పొమ్మనను. రంజాన్ అయినాక షెడ్డు నీదే అన్నా. నా మాట నేను తప్పను." ఉస్తాద్ చేతులు తుడుచుకున్నాడు. "తాళాలు మాత్రం నేను ఇప్పించలేను. ఎవ్వరినీ అడగద్దు."

రంజాన్ అయ్యాక షెడ్డు ఓబులేసుదే అయింది. పనంతా అతనే చేశాడు. బాగా చేశాడు. కానీ ఏ డ్రైవరు వచ్చినా అతన్ని దాటుకుని వెళ్ళి, మూల కుర్చీలో కూర్చున్న చూపు పూర్తిగా పోయిన ఉస్తాద్ చేతిలో తాళం పెట్టేవాడు.

ఆ చలికాలంలో ఉస్తాద్ పోయాడు. మరో రెండేళ్ళ దాకా డ్రైవర్లు తాళాలు తెచ్చి ఆ ఖాళీ కుర్చీలోనే పెట్టి వెళ్ళారు.