అరుగు దిగని మాంత్రికుడు

అనగనగా ఒక రాజు. ఆ రాజుకి ఏడుగురు కొడుకులు కాదర్రా, ముగ్గురే. ఆ ముగ్గురితోనే ఇల్లు సంతలా ఉండేది. ఇక కొలువు సంగతి అడగకండి! అందరూ ఒక్కసారే మాట్లాడేవారు, ఎవరూ వినేవారు కాదు. రాజుగారికి తల బొప్పి కట్టింది.

ఒకనాడు ఓడవర్తకులు వచ్చి, "మహారాజా, ఏడు సముద్రాల అవతల రోమకపురి ఉంది. ఊరి నడిబొడ్డున పెద్ద రచ్చచావడి. పైన కప్పుండదు. చుట్టూ పాలరాతి స్తంభాలు, మధ్యలో ఎత్తైన అరుగు. ఊరి పెద్దయినా, కూరలమ్మే అవ్వయినా వరుసలో నిలబడి అరుగెక్కాల్సిందే. ఎక్కినవారు దిగేదాకా ఇంకొకరు నోరెత్తకూడదు, లేచిపోకూడదు. అదీ అక్కడి కట్టుబాటు" అన్నారు.

"ఆ పద్ధతేదో చూసి రండిరా" అన్నాడు రాజు కొడుకులతో.

పెద్దవాడు "అన్నం చల్లారేలోగా వస్తానమ్మా" అని వెళ్లాడు. రాలేదు. రెండోవాడు "అన్నం చల్లారేలోగా వస్తానమ్మా" అని వెళ్లాడు. వాడూ రాలేదు. తల్లి రోజూ రెండు కంచాల్లో అన్నం పెట్టి ఎదురుచూసేది. చిన్నవాడు పుష్పకేతుడు ఆ కంచాలు చూడలేకపోయాడు.

"అన్నం చల్లారినా సరేనమ్మా, అన్నల్ని తీసుకునే వస్తాను" అన్నాడు. తల్లి కళ్లొత్తుకుని, దారిలో తినమని నాలుగు జొన్నకంకులు మూటగట్టి ఇచ్చింది.

సముద్రపొడ్డున ఒక తాబేలు వెల్లకిలా పడి కొట్టుకుంటోంది. పుష్పకేతుడు దాన్ని తిరగేశాడు. "మేలు చేశావు బాబూ, ఎక్కు నా వీపు" అంది తాబేలు. ఒక సముద్రం దాటారు, ఉప్పునీళ్లు. రెండో సముద్రం దాటారు, ఉప్పునీళ్లు. ఏడూ ఉప్పునీళ్లేనర్రా, మళ్లీ మళ్లీ చెప్పడం దేనికి!

ఒడ్డు చేరాక తాబేలు హెచ్చరించింది. "స్తంభాలు దాటి లోపలికి వెళ్లకు బాబూ. ఘంటాకంఠుడనే మాంత్రికుడు అరుగెక్కి ఇక దిగలేదు. ఊరి కట్టుబాటుకి మంత్రం జోడించాడు. లోపల అడుగుపెట్టినవాడు నోరు పడిపోయి ఉండిపోవాల్సిందే. ఆకలుండదు, దప్పికుండదు. కాదనే నోరు లేదు గనక వాడన్నదే శాసనం. వాడి ప్రాణం భుజం మీది చిలకలో ఉంది."

పుష్పకేతుడు స్తంభం చాటునుంచి తొంగి చూశాడు. ఊరు ఊరంతా మెట్లమీద కూర్చుని ఉంది. వాళ్లలో తన అన్నలు! "అన్నయ్యా!" అని పిలిచాడు. పలకలేదు. వాడికి ఏడుపొచ్చేసింది.

అరుగు కింద ఒక అమ్మాయి నిలబడి ఉంది. పేరు లీవియా, వరుసలో తర్వాతి వంతు ఆమెదే. ఆమె పుష్పకేతుణ్ణి చూసింది, చిలకను చూసింది, మళ్లీ పుష్పకేతుణ్ణి చూసింది. అప్పుడు గమనించాడు వాడు. చిలక అరుగు మీది మాంత్రికుడి చెవిలో ఊదుతోంది, వాడు అది పైకి అంటున్నాడు. ఓహో, గొంతు వీడిది, మాటలు చిలకవి!

చిలకను రప్పించాలని మెడలోని ముత్యాలహారం తీసి ఊపాడు. చిలక చూడలేదు. బంగారు కడియం ఊపాడు. చూడలేదు. విసుగెత్తి, ఆకలి కూడా వేసి, మూట విప్పి జొన్నకంకి తీశాడు.

"జొన్నకంకి! మా దేశపు జొన్నకంకి!" అని చిలక రివ్వున వచ్చి వాలింది. ఎన్నేళ్లయిందో పాపం, దాని కళ్లు చెమర్చాయి.

"కాబట్టి నేను చెప్పొచ్చేదేమిటంటే... ఏమిటంటే..." మాంత్రికుడు భుజం తడుముకున్నాడు. ప్రాణం లేదక్కడ! లబోదిబోమంటూ కిందికి దూకాడు. కాలు నేలకి తగిలింది, వంతు అయిపోయింది. లీవియా గబగబా అరుగెక్కేసింది. తన మంత్రానికి తనే చిక్కి మాంత్రికుడు నోరు పడిపోయి చతికిలబడ్డాడు.

ఇప్పుడు ఊరంతా ఆమె చేతిలో ఉంది. కావాలంటే ఆమె కూడా దిగకుండా ఉండిపోవచ్చు. 

లీవియా గొంతు సవరించుకుంది. "మా వీధి నీళ్లతొట్టికి నీళ్లు రావడం లేదు. బాగుచేయించండి. అంతే" అని దిగిపోయింది.

అరుగెక్కినవారు తమంతట తాము దిగేసరికి మంత్రం తెగింది. జనం లేచి నవ్వారు, ఏడ్చారు, కావలించుకున్నారు. అన్నలిద్దరూ తమ్ముణ్ణి ఎత్తుకుని తిప్పారు.

"ఇంత చిన్నమాటకి ఇన్నేళ్లు నిలబడ్డావా?" అని అడిగాడు పుష్పకేతుడు లీవియాని.

"చిన్నమాటా? నీళ్లు లేకుండా రెండు రోజులుండు, చూద్దాం!" అంది. ఇంకేముంది, వాడు ఆమెను తప్ప ఇంకెవరినీ చేసుకోనన్నాడు. ఆమె ముందు వీధికి నీళ్లు రప్పించుకుని, తర్వాత సరేనంది.

చిలకను చంపలేదర్రా. మాంత్రికుణ్ణి కూడా వెంట తెచ్చి జొన్నచేను అప్పగించారు. చిలక కడుపు నిండితేనే కదా వాడి ప్రాణం నిలిచేది! మంచి రైతయ్యాడు, మాటలు తగ్గించాడు. తల్లి కొడుకులు ముగ్గురికీ, కోడలికీ వేడివేడి అన్నం వడ్డించింది.

తర్వాత పుష్పకేతుడు రాజయ్యాడు. తన ఊళ్లోనూ అరుగు కట్టించి, ఇంకొక్క కట్టుబాటు చేర్చాడు. ఎంతటివారైనా చిలక ఒక కంకి తినేలోగా మాట ముగించాలి. ఒకసారి తనే అరుగెక్కి సముద్రాల కథ మొదలుపెట్టాడు. ఆరో సముద్రం దగ్గర కంకి అయిపోయింది.

"దిగండి మహారాజా, వెనక కూరలవ్వ నిలబడింది" అంది లీవియా. రాజు నవ్వుకుంటూ దిగాడు. అలా చాలా ఏళ్లు చల్లగా ఏలాడు. ఏడో సముద్రం కూడా ఉప్పేనని ఆ ఊళ్లో ఇప్పటికీ ఎవరికీ తెలీదు, మీకు తప్ప.

నా కంకీ అయిపోయిందర్రా. దిగుతున్నాను, ఇక మీ వంతు.