పానకాలు ఇంటి కప్పు ఎవరు కప్పారు?

వాగు అవతలి అడవిలో పనివాళ్లకి కొదవ లేదు. బొరియలు తవ్వేవాళ్లు, గూళ్లు అల్లేవాళ్లు, పాకలు కప్పేవాళ్లు కావలసినంతమంది. అయితే వాళ్లలో పని తెలిసినవాడెవడో, తెలియనివాడెవడో చెప్పేవాళ్లు లేరు. ఆ లోటు నేను తీరుస్తానంటూ నక్క పానకాలు ముందుకొచ్చాడు.

వాగు ఒడ్డున జిగటమన్ను మెత్తి చిన్న చిన్న మడులు కట్టాడు. పనివాడికొక మడి. పని చేయించుకుని సంతోషించినవాళ్లు వచ్చి ఆ పనివాడి మడిలో ఒకసారి నడిచి వెళ్లాలి. నచ్చనివాళ్లు ఒక గీత గీకి పోవచ్చు. ఎవరి మడిలో అడుగులు ఎక్కువుంటే వాడు మంచి పనివాడన్నమాట. ముచ్చటైన ఏర్పాటే, కాదనను. కొన్నాళ్లకి ఎవరికే పని పడినా ముందు మడులు చూసుకోవడం అడవిలో అలవాటైపోయింది. "ఇందులో నాకేం మిగుల్తుందర్రా, పదిమందికీ మంచి జరగాలనేగా" అనేవాడు పానకాలు, ఎవరూ అడక్కుండానే.

రోహిణి ఎండల్లో ఒకరోజు గాడిద బూదెమ్మ ఆ మడుల దగ్గరికి వచ్చింది. నిండు చూలాలు. పాక కప్పు చివికి చిల్లులు పడింది, మృగశిర ఇంక పదిరోజుల్లోకి వచ్చేసింది. ముందటేడు కారుతున్న ఆ కప్పు కిందే ఈనింది. పుట్టిన పిల్ల మూడురోజులు తడిసి, వణికి, నాలుగోరోజు లేవలేదు. ఆ దుఃఖం ఆమెకింకా ఆరలేదు. ఈసారి పిల్ల మీద ఒక్క చినుకు పడకూడదన్నదొక్కటే ఆమె కోరిక.

బూదెమ్మని అందరూ మందబుద్ధి అనుకునేవాళ్లు. అడిగినదానికి వెంటనే బదులు చెప్పదు, ఒకే ప్రశ్న నాలుగుసార్లు అడుగుతుంది. కానీ పుట్టినప్పటినుంచీ వీపున బరువు, తల కిందికి. నడిచినంతసేపూ ఆమె చూసింది దారిలో పడ్డ అడుగుల్నే. అడవిలో ఏ అడుగు ఎవరిదో ఆమెకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలీదు. ఆ సంగతి మాత్రం ఎవరికీ తెలీదు, ఎవరూ అడగలేదు కనక.

పానకాలు ఆమెని నేరుగా కాకి కోటప్ప మడి దగ్గరికి తీసుకెళ్లాడు. కాలు పెట్టే చోటు లేనన్ని అడుగులు. కోటప్పంతటి మేస్త్రి చుట్టుపక్కల లేడనీ, ఆలస్యం చేస్తే దొరకడనీ ఊదరగొట్టాడు. పక్కనే గిజిగాడు వీరేశు మడి అలికినట్టు నున్నగా ఉంది.

"ఇతని మడిలో ఒక్క అడుగూ లేదేం బావా?"

"ఏం చెప్పమంటావు బూదెమ్మా, వాడి పని ఎవరికీ నచ్చినట్టు లేదు."

బూదెమ్మ తలొంచుకుని కోటప్ప మడినే చాలాసేపు చూసింది. అందులో మేక డెక్కలున్నాయి, నాలుగూ సమంగా, లోతుగా దిగి. ఆ అడవిలో ఉన్నదే ఒక మేక, నూకాలు. ఉచ్చులో పడ్డ నాటినుంచీ నూకాలు వెనక కుడికాలు నేలకి ఆనదు. రెండేళ్లుగా అది మూడుకాళ్ల మీదే నడుస్తోంది.

రేపు చెబుతానని పానకాలుతో అని, బూదెమ్మ నూకాలు పాకకి వెళ్లింది. కోటప్ప చేత ఎప్పుడు కప్పించుకున్నావని అడిగితే నూకాలు నోరు తెరిచేసింది. తన పాక కప్పింది వీరేశట. కిందటి నెల అతని మడిలో తను నడిచి వచ్చిందట, మర్నాడు చూస్తే అక్కడ ఆనవాలే లేదట. పైగా కోటప్పకి పని కుదిరిన ప్రతిసారీ ముక్కున ఒక ఎండుచేప కరుచుకుని పానకాలు ఇంటివైపు ఎగిరిపోవడం తను కళ్లారా చూస్తోందట.

"పదవే, నలుగుర్లో నిలదీద్దాం" అంది నూకాలు.

"నిలదీస్తే ఆ మడి కూడా చదును చేసేసి, దొంగ అడుగులు ఎక్కడున్నాయో చూపించమంటాడు. ఉండు" అంది బూదెమ్మ.

ఆమెకి ఇంకో సంగతి గుర్తొచ్చింది. పోయిన చలికాలం పానకాలు ఇంటి పంచకి రెల్లుగడ్డి మోసింది తనే. ఆ మోపులు దించుకున్నదెవరో కూడా తనకి తెలుసు.

మర్నాడు పొద్దున్నే మడుల దగ్గర జనం మూగిన వేళ చూసి వెళ్లింది. అందరూ వినేలా, తన మెల్లని గొంతుతోనే మాట్లాడింది.

"బావా, నీ మాట మీద కోటప్ప చేతే కప్పించుకుంటా. కాకపోతే ఒకసారి పిల్లని పోగొట్టుకున్నదాన్ని, భయం వదల్లేదు. ఈ వానాకాలం ఒక్కటీ మనిద్దరం ఇళ్లు మార్చుకుందాం. కోటప్ప కప్పిన పాకలో నువ్వుండు, నీ పంచలో నేను ఈనుతా."

జనంలోనే ఉన్న కోటప్ప, ఎక్కడో పెద్ద పని అప్పుడే గుర్తొచ్చిందన్నాడు. జనమంతా పానకాలు మొహమే చూస్తున్నారు. వద్దంటే రేపటినుంచి ఈ మడుల మొహం చూసేవాడుండడు. నాలుగు చినుకులకి ఏమవుతుందిలే అనుకున్నాడు.

"దానికేం భాగ్యం, అలాగే కానీ" అన్నాడు, పళ్లికిలించి.

కోటప్ప రెండురోజుల్లో పని ముగించాడు. ఇక్కడో పుల్ల, అక్కడో తీగముక్క, మధ్యలో ఎవరిదో చిరిగిన గుడ్డ. పానకాలు తలెత్తి చూస్తే కప్పులోంచి ఆకాశం కనిపించింది.

మృగశిర వచ్చిన రెండోనాడు వాన పట్టుకుంది. పానకాలు ముందు ఈ మూలకి జరిగాడు, తర్వాత ఆ మూలకి. మూడోనాటికి జరగడానికి మూల మిగల్లేదు. మిట్టమధ్యాహ్నం తోక కాళ్ల మధ్య పెట్టుకుని, నీళ్లోడుతూ తన ఇంటికే పరిగెత్తుకొచ్చాడు.

పంచలో బూదెమ్మ పక్కన గంట క్రితం పుట్టిన పిల్ల వణక్కుండా నిలబడి పాలు తాగుతోంది. ఒంటి మీద ఒక్క చుక్క లేదు. వాన కాస్త తెరిపిచ్చినప్పుడు పిల్లని చూడ్డానికి వచ్చిన నూకాలూ, మరో పదిమందీ మళ్లీ పట్టుకున్న వానకి అక్కడే చిక్కుకున్నారు.

"కాస్త జరుగు బూదెమ్మా" అన్నాడు పానకాలు.

"రా బావా. తడిసినవాణ్ణి బయట నిలబెట్టే బుద్ధి నాకు లేదు. గుమ్మం దాటేముందు ఒక్కటి చెప్పు. ఈ కప్పు ఎవరు కప్పారు?"

పానకాలు వానకేసి చూశాడు, జనంకేసి చూశాడు. "వీరేశు" అన్నాడు.

"మరి వీరేశు మడి ఎందుకంత నున్నగా ఉంది?"

బూదెమ్మ ఆ ప్రశ్న నాలుగుసార్లు అడిగింది. మొదటి మూడుసార్లూ పానకాలు తుమ్మాడు. నాలుగోసారి చెప్పేశాడు.

"వాడు చేప ఇవ్వనన్నాడు."

వాన వెలిశాక పానకాలుని వాగు దాటించేద్దామన్నారు చాలామంది. బూదెమ్మ ఒప్పుకోలేదు. ఎంత నష్టపోబోయిందో తలుచుకుంటే నాకే కోపం వస్తుంది గాని, ఆమెకి రాలేదు. మడులు మంచివే, ఉండనిద్దామంది. పని చేయించుకున్నవాళ్లే, పదిమంది చూస్తుండగా నడవాలంది. అడుగైనా, నచ్చక గీకిన గీతైనా చెరిపే హక్కు ఎవరికీ లేదంది. పానకాలుకి ఎవరైనా చేప ఇచ్చుకోదలిస్తే ఇచ్చుకోవచ్చు, కానీ ఆ చేపని ఇచ్చినవాడి మడి మీదే, అందరికీ కనిపించేలా వేలాడగట్టాలంది. అన్నాళ్లూ ఆమెని మందబుద్ధి అన్నవాళ్లంతా నోళ్లు తెరుచుకుని విన్నారు. అంత చక్కటి కట్టుబాటు వాళ్లలో ఒక్కరికీ తట్టలేదు.

కోటప్ప చేప ఇప్పటికీ అతని మడి మీద వేలాడుతూనే ఉంది. పనికోసం వచ్చినవాళ్లు ఆ వాసనకి ముక్కు మూసుకుని అవతలి మడికి నడుస్తారు. పానకాలు దాని కిందే కూర్చుంటాడు. కట్టుబాటు ప్రకారం ఆ చేప తినడానికి వీల్లేదు.

ఆ కట్టుబాటు వచ్చాక వీరేశు మడిలో మొట్టమొదట పడ్డ అడుగులు బూదెమ్మ పిల్లవి. నాలుగు బుల్లి డెక్కలు, తడబడుతూ, అడ్డదిడ్డంగా.

నీతి: ఫలానావాడి పని బాగుంటుందని చెప్పేవాడు, అలా చెప్పినందుకు తనకేం ముడుతుందో కూడా చెప్పాలి, చెప్పకపోతే వాడింటి కప్పు ఎవరు కప్పారో అడగండి.