చివరి స్వరం దగ్గర

కిరీటికి తన బ్యాండు మీదే అనుమానం పుట్టింది.

పన్నెండేళ్ళ కిందట విశాఖలో అతనూ, డ్రమ్ములు వాయించే ఏబేలూ, కీబోర్డు సంపత్తూ కలిసి పెట్టుకున్న బ్యాండు అది. మొదటి ఆల్బం నిండా కిరీటి గిటారే. రెండోదాంట్లో డ్రమ్ముల మోత పెరిగింది, కాలేజీల్లో కుర్రకారు ఊగిపోయారు. మూడోదాంట్లో పాటలు నిదానించాయి, గిటారు పలచబడింది. నాలుగోది తయారవుతుండగా, మిగతా ఇద్దరూ తనకు చెప్పకుండా ప్రతి గురువారం తాము సాధన చేసే షెడ్డులో తలుపేసుకుని వాయిస్తున్నారని తెలిసింది. అనుమానం పెనుభూతమని ఊరికే అన్నారా? కొత్త గిటారువాణ్ణి తెచ్చుకుంటున్నారని తనకు తానే తేల్చేసుకున్నాడు.

తనకు పాట నేర్పిన సూఫీ గురువు ఖాదర్ సాహెబ్ దగ్గరికెళ్ళి గోడు వెళ్ళబోసుకున్నాడు. ఈమధ్య ఏబేలు కావాలనే తాళం పరిగెత్తిస్తున్నాడనీ, తనని తప్పులో పడెయ్యడానికే ఇదంతా అనీ చెప్పాడు. బ్యాండు వదిలేస్తున్నానని రాసిన ఉత్తరం జేబులోంచి తీశాడు.

సాహెబ్ దాన్ని చదవలేదు. "ఇవాళ గురువారమేగా. పద బేటా," అంటూ చేతికర్ర అందుకున్నాడు.

షెడ్డు బయట మెట్టు మీద ఇద్దరూ కూర్చున్నారు. లోపల వాయిస్తున్నది కిరీటి కట్టిన కొత్త పాటే. గిటారు రావలసిన చోట వాద్యాలు ఆగాయి.

కొత్తవాడి కోసం చోటు కూడా ఉంచేశారని కిరీటి గొణిగాడు. సాహెబ్ పెదవుల మీద వేలు పెట్టుకున్నాడు.

ఆ ఖాళీలో సంపత్ గిటారు వరసని నోటితో పాడుతున్నాడు, అచ్చం కిరీటి వాయించినట్టే. చివరి స్వరం దగ్గర కాస్త ఆలస్యం చేశాడు. ఏబేలు అంతలోపే డ్రమ్ము కొట్టేశాడు.

"మళ్ళీ ముందే దిగావురా," అన్నాడు సంపత్. "వేలికి దెబ్బ తగిలినప్పట్నుంచీ వాడికి అక్కడ ఆలస్యమవుతోంది. వాడికి తెలీకుండా మనమే ఆగాలి."

మళ్ళీ మొదలుపెట్టారు. ఈసారి ఏబేలు ఆగాడు.

కిరీటి తన ఎడమచేతి ఉంగరపు వేలిని ముడిచి చూసుకున్నాడు. నిరుడు స్కూటరు మీంచి పడ్డాక, డాక్టరు తగ్గిపోయిందంటే తగ్గిపోయిందనే అనుకున్నాడు. వేలు పూర్తిగా ముడుచుకోవడం లేదు. సిగ్గుతో అతనికి తల ఎత్తబుద్ధి కాలేదు. లేచి, ఉత్తరం జేబులో కుక్కేసి, తలుపు మీద చెయ్యి వేశాడు.

"చెప్పులు విడిచి వెళ్ళు, బేటా," అన్నాడు సాహెబ్.