కల్లుకుండ అంచు మీద

అనగా అనగా ఏడు చుక్కల తేనె. ఆ ఏడు చుక్కలూ మినుకు అనే పడుచు తేనెటీగవి.

కాలువ గట్టున ఒక ముసలి నేరేడు చెట్టు. దాని తొర్రలో ఒక తేనెపట్టు. ఆ పట్టులో ఒక ఆచారం ఉండేది. రెక్కలు గట్టిపడి తొలిసారి బయటికి ఎగరబోయే పిల్లను రాణమ్మ దగ్గరికి పిలిచి ఏడు చుక్కల తేనె ఇచ్చేది. "ఇది కూర్చుని తినడానికి కాదు తల్లీ, తిరగడానికి పెట్టుబడి. పెంచుకుని రా" అనేది.

తక్కిన పిల్లలు ఆ తేనె అందుకుని బిలబిలమంటూ నువ్వు చేను కేసి ఎగిరిపోయారు. మినుకు మాత్రం వాకిట్లో కూర్చుని లెక్క కట్టింది. నువ్వు చేను దూరం. పోయి రావడానికి రెండు చుక్కలు ఖర్చు, తెచ్చేది మూడు. మునగతోట దగ్గర. ఒక్క చుక్క ఖర్చు, తెచ్చేదీ మూడే.

"మరి అందరూ నువ్వు చేనుకే ఎందుకు పోతున్నారే?" అంది.

"అందరూ పోతున్నారు కదా, అందుకని!" అని కిలకిలా నవ్వింది చిగురు.

చిగురు మినుకుకు చెల్లెలు. మినుకు పుట్టిన పొద్దునే, పక్క అరలోంచి, ఒక్క క్షణం వెనకగా పుట్టింది. లెక్కలు రావు గానీ, ఆటలో దాన్ని మించినవాళ్ళు ఆ పట్టులో లేరు. తేనెటీగలకు ఆటే మాట. పూలు ఎక్కడున్నాయో ఆడి చూపిస్తారు. తల ఎటు తిప్పితే అటు దిక్కు, నడుం ఎన్నిసార్లు ఊపితే అంత దూరం. చిగురు ఆడితే ముసలివాళ్ళు కూడా పని ఆపి చూసేవారు.

అక్కాచెల్లెళ్ళిద్దరూ మునగతోటకు పోయారు. సాయంత్రానికి మినుకు ఏడు చుక్కలు పదిహేడయ్యాయి.

ఆ దారిలో ఒక తాటితోపు ఉంది. తోపు మూలన, కల్లు గీసేవాడు ఏనాడో వదిలేసిన చెట్టుకు ఒక పాత కుండ వేలాడుతోంది. ఆ కుండ అంచు మీద కాలు మీద కాలేసుకుని ఒక కందిరీగ కూర్చునేవాడు. పచ్చని నడుము, మెరిసే రెక్కలు, తియ్యని మాట. ఈడొచ్చిన పిల్లలందరినీ మరదళ్ళనేవాడు. వాళ్ళూ వాణ్ణి బావా అనేవారు.

"ఏం మరదళ్ళూ, ఎండలో పడి ఆ పరుగేమిటి? ఒక్క గుక్క వేసి పొండి. డబ్బా, దస్కమా?"

మినుకు కుండలోకి తొంగి చూసింది. లోపల అయిదుగురు తేనెటీగలు వెల్లకిలా తేలుతున్నారు.

"బావా, వాళ్ళెవరు?"

"వాళ్ళా? ఈత కొడుతున్నారు."

"వెల్లకిలానా?"

"వాళ్ళకి తాగడం రాదులే. మీరు తెలివైనవాళ్ళు, మొహాలు చూస్తేనే తెలుస్తోంది."

"ఈ రసం పట్టుకెళితే తేనె అవుతుందా?"

"ఇది పట్టుకెళ్ళేది కాదమ్మా, తాగేది. ప్రతిదానికీ లెక్కేనా? నీ వయసెంత, నీ ముసలి మాటలెంత!"

చిగురు పకపకా నవ్వింది. నవ్వుతూనే ఒక గుక్క తాగింది.

పట్టు వాకిట్లో కావలి అత్త ఉండేది. ఆమె ముక్కు మహా చురుకు. పులిసిన వాసనతో వచ్చినవాళ్ళకు వాకిలి మూసేసేది. అది ఆ పట్టులో అందరికీ ఒకటే కట్టు. మత్తులో ఆడిన ఆట నమ్మి బయల్దేరితే పదిమంది దారి తప్పుతారు మరి.

మినుకుకు చెల్లెలంటే ప్రాణం. ఉపాయాలకు కొదవలేదు. గబగబా మునగ పుప్పొడి తెచ్చి చిగురు ఒళ్ళంతా పులిమింది.

"ఏమిటే ఈ అలంకారం? ఎవరి పెళ్ళికి?" అంది అత్త.

"మునగపూలు విరగబూశాయి అత్తా" అంది మినుకు. అత్త నవ్వి దారి ఇచ్చింది. తన తెలివికి మినుకు తనే మురిసిపోయింది.

మర్నాడు చిగురు పూల దగ్గరికే రాలేదు. కుండ అంచు మీదే పొద్దంతా తూలుతూ పడుకుంది. సాయంత్రం ఖాళీ పొట్టతో లేచింది. మినుకు తన తేనెలోంచి ఆరు చుక్కలు దాని నోట్లో పోసింది. మళ్ళీ పుప్పొడి పులిమింది. ముందు తను నడిచి, వెనక దాన్ని నడిపించుకుని లోపలికి చేరింది.

"నువ్వున్నావుగా అక్కా, నాకేం భయం!" అంది చిగురు, మెడ చుట్టూ వాలిపోతూ.

ఆ మాట కాసేపు తేనెలాగే ఉంది. తరవాత మినుకు తన అరలోకి వెళ్ళి ఉన్నది చూసుకుంది. ఎంత తిరిగినా అర నిండలేదు. ఆ ఆరు చుక్కలు చెల్లెలి పొట్టలోకి పోయాయా? పోలేదు. అవి లేకపోతే చిగురు రేపు ఆకలితో లేచేది. ఆకలేస్తే పూలకు పోయేది. మినుకు తిరిగిన తిరుగుడంతా ఆ కుండ అంచు మీద చెల్లెలికి మెత్తని పరుపైంది. తాగింది చిగురు. కందిరీగకు కప్పం కట్టింది తను!

"రేపు అత్తకు చెప్పేస్తాను" అనుకుంది.

ఆ రేపు రానే వచ్చింది, గాలివానతో వచ్చింది. నేరేడు చెట్టు మొదలు నుంచి కొమ్మ దాకా ఫెళ్ళున చీలింది. తొర్రలోకి నీళ్ళు కారాయి. రాణమ్మ అందరినీ పిలిచింది.

"ఈ చెట్టు ఇంకో గాలికి ఆగదు. పొద్దువాలేలోగా ఇల్లు మారాలి. చురుకైనవాళ్ళు నలుగురు పోయి చోటు వెతకండి."

ఆ నలుగురిలో చిగురు ఒకతి. అంత చక్కగా ఆడే పిల్లను కాదని ఎవర్ని పంపుతారు? ఈ సందడిలో చెప్పవలసిన మాట మినుకు గొంతులోనే ఉండిపోయింది.

మధ్యాహ్నానికి ముగ్గురు వచ్చారు. వాళ్ళు చూసిన చోట్లు ఇరుకు. ఆఖరున చిగురు వచ్చింది, ఒంటినిండా పుప్పొడితో. వస్తూనే ఆట మొదలుపెట్టింది. పెద్ద తొర్ర! పొడి తొర్ర! దగ్గర్లోనే, కాలువ అవతల!

పట్టంతా హోరెత్తింది. రాణమ్మ రెక్కలు సర్దుకుంది.

మినుకు ఒక్కతే కదల్లేదు. చిగురు నడుం మొదటిసారి తొమ్మిది ఊపులు ఊపింది. రెండోసారి ఆరు. మూడోసారి పదమూడు. పుప్పొడి కిందనుంచి పులుపు వాసన.

చిగురు అక్క వైపు చూసింది. 'చెప్పకే' అన్నట్టు చూసింది.

మినుకు మనసులో లెక్క కట్టింది. చెబితే ఈ గాలిలో చెల్లెలికి వాకిలి మూసేస్తారు. చెప్పకపోతే? రాణమ్మ బరువైన మనిషి, ఎక్కువ దూరం ఎగరలేదు. కాలువ మీదికి వెళ్ళాక తొర్ర కనబడకపోతే అందరూ నీళ్ళపాలే.

"రాణమ్మా, ఆగండి!" అని అరిచింది మినుకు. "ఈ లెక్క తప్పు. చిగురు తాగి ఉంది. ఇది మొదటిసారి కాదు. రెండుసార్లు పుప్పొడి పూసి దాచింది నేనే."

అందరూ కావలి అత్త వైపు తిరిగారు.

"కట్టు కట్టే" అంది కావలి అత్త మెల్లగా. చిగురును వాకిట్లోకి నడిపించింది.

"కట్టు కట్టే అత్తా. నన్నూ దానితో పోనివ్వండి" అంది మినుకు. "మత్తు దిగేదాకా పక్కన కూర్చుంటాను. దిగాక ఇద్దరం పోయి ఆ తొర్ర నిజంగా ఎక్కడుందో చూసి వస్తాం."

రాణమ్మ తల ఊపింది. "పొద్దు వాలేలోగా రండి. రాకపోతే మీరు లేకుండానే బయల్దేరతాం. ఇంతమందిని చూసుకోవాలి, నేను ఆగలేను తల్లీ."

వాకిలి మూతపడింది.

అక్కాచెల్లెళ్ళు వాకిలికి ఎదురుగా ఒక ఆకు కింద చేరారు. చినుకులు పడుతున్నాయి. చిగురు గజగజ వణుకుతోంది.

"పోవే! నువ్వు అక్కవే కాదు. నలుగురిలో నా పరువు తీశావు."

"తీశాను."

"మరింకెందుకొచ్చావు?"

"చలేస్తోంది కదా. జరుగు."

మినుకు దాన్ని పొదివి పట్టుకుని కూర్చుంది. రెక్కలు విప్పకుండానే రొమ్ము ఆడించి వేడి పుట్టించింది. చిగురు మొదట మొహం తిప్పుకుంది. కాసేపటికి ఏడ్చింది. ఏడుస్తూనే ఇంకా దగ్గరికి జరిగింది.

అంతలో రెక్కల చప్పుడు. కందిరీగ వచ్చి ఎదుటి రెమ్మ మీద వాలాడు.

"అయ్యయ్యో! పసిపిల్లను ఇలా గెంటేస్తారా? మనసున్నవాళ్ళేనా వీళ్ళు? రా మరదలా, నా కుండ నీకెప్పుడూ మూత వేయదు. ఒక్క గుక్కతో ఈ వణుకు మాయం."

చిగురు తల ఎత్తింది. దాని గొంతు లాగుతోంది. కాళ్ళు తమంతట తామే రెమ్మ వైపు కదిలాయి.

మినుకు అడ్డం రాలేదు. అడిగింది. "బావా, చిన్న లెక్క. మొన్న నీ కుండలో అయిదుగురు ఉన్నారు. నిన్న నేను చూసేసరికి ఇద్దరే. తక్కిన ముగ్గురూ ఏరి?"

"ఈత అయిపోయింది, ఇళ్ళకు పోయారు."

"రెక్కలు వదిలేసి పోయారా? చెట్టు మొదట్లో మూడు జతలు పడి ఉన్నాయి."

కందిరీగ రెమ్మ మీద అటూ ఇటూ జరిగాడు.

"పోనీ ఇది చెప్పు. నీ పిల్లలు కూడా తాగుతారా?"

"ఛ! నా పిల్లల్ని ఆ కుండ దరిదాపులకు రానిస్తానా? వాళ్ళు తినేది..." అని నాలుక కరుచుకున్నాడు.

చిగురు ఆగిపోయింది. తనను మరదలని పిలిచిన నోటి కేసి మొదటిసారి తేరిపార చూసింది. ఆ నోటికి రెండు వైపులా కత్తెరల్లాంటి దవడలు ఉన్నాయి. అవి ఎప్పుడూ అక్కడే ఉన్నాయి.

"తాగిన తేనెటీగకు కుట్టడం చేతకాదు" అంది మినుకు. "వేటాడే శ్రమ లేదు. కూర్చున్నచోటికి కూడు. అంతేగా బావా నీ వ్యాపారం?"

కందిరీగ ఇంక తియ్యగా మాట్లాడలేదు. ఝుమ్మని మీదికి దూకాడు.

అప్పుడు మూసిన వాకిలి భళ్ళున తెరుచుకుంది. కావలి అత్త, ఆమె వెనక ఇరవైమంది! కందిరీగను బెదరగొట్టడానికి తొర్ర అంచున వరస కట్టి ఒక్కసారిగా ఒళ్ళు విదిలించారు. నల్లని అల లేచినట్టయింది. కందిరీగ గాలిలోనే గిరుక్కున తిరిగాడు. ఆ పచ్చ నడుము మళ్ళీ ఆ ఛాయల కనబడలేదు.

"అత్తా, వాకిలి మూసేశావు కదా, నీకెలా తెలిసింది?" అంది చిగురు వణుకుతూ.

"వాకిలి మూశానే గానీ కళ్ళు మూయలేదే" అంది అత్త.

వాన వెలిసింది. ఎండ పడింది. చిగురు మత్తు దిగింది, మొహం కడిగినట్టయింది. అక్కాచెల్లెళ్ళు ఎగిరారు. తాటితోపు దగ్గర చిగురు, "అక్కా, కుండ వైపు నువ్వు ఎగురు. నేను ఇవతల ఉంటాను" అంది. మినుకు అలాగే ఎగిరింది.

తొర్ర ఉన్న మాట నిజమే. కాలువ అవతల కాదు, మునగతోట దాటాక పెద్ద మద్దిచెట్టులో. పొడిగా, వెచ్చగా, ముచ్చటగా ఉంది. తిరిగి వచ్చేసరికి పొద్దు ఇంకా తాటిచెట్టు ఎత్తున ఉంది.

అత్త చిగురు నోరు వాసన చూసింది. "ఊఁ, ఆడు" అంది.

చిగురు నెమ్మదిగా ఆడింది. మొదటిసారి పదకొండు ఊపులు. రెండోసారీ పదకొండే. మూడోసారీ పదకొండే. మినుకు తల ఊపింది. పట్టంతా మబ్బులా లేచి, రాణమ్మను నడుమ ఉంచుకుని మద్దిచెట్టుకు చేరింది.

కొత్త ఇంట్లో కొత్త అరలు లేచాయి. చిగురును కొన్నాళ్ళపాటు మైనం పనికి, పసివాళ్ళ పనికి పెట్టారు. అది గొణగలేదు. ఒకసారి మాత్రం అత్త దగ్గరికి వెళ్ళి, "గాలి తోపు వైపు నుంచి వీస్తే ఇప్పటికీ గొంతు లాగుతుంది అత్తా" అంది.

"లాగినప్పుడల్లా వచ్చి చెప్పు. నేను విసుక్కోను" అంది అత్త. చిగురు అలాగే చెబుతూ వచ్చింది. చెప్పవలసిన అవసరం రానురాను తగ్గింది.

ఒక ఉదయం మినుకు వాకిట్లో కూర్చుని, మద్దిచెట్టు నుంచి నువ్వు చేను ఎంత దూరమో, ఏమాత్రం గిట్టుబాటవుతుందో లెక్క కడుతోంది. నూగు అనే చిన్నపిల్ల వచ్చి చెవిలో గుసగుసలాడింది.

"అక్కా, నా నేస్తం నిన్న ఏదో పులిసిన పండు రసం తాగింది. ఎవరికీ చెప్పనని ఒట్టు వేశాను. కాస్త పుప్పొడి ఉంటే ఇస్తావా?"

మినుకు లెక్క సగంలో ఆపి లేచింది. నూగు భుజం మీద చెయ్యి వేసింది.

"పుప్పొడి వద్దమ్మా. ముందు నీ నేస్తం ఎక్కడుందో చూపించు. ముగ్గురం కలిసే అత్త దగ్గరికి పోదాం."

నేస్తం తప్పును దాచిపెడితే ఆ తప్పుకే తోడైనట్టు. వేళకు పెద్దలతో చెప్పి, ఆ తరవాత కూడా పక్కన నిలబడితేనే నేస్తానికి తోడైనట్టు.