గుమ్మంలో రావణుడు

ప్రశ్న అడిగినవాళ్లకు వెంటనే జవాబు చెప్పడం తాయారమ్మ గారికి అలవాటు లేదు. ఏదో ఒక పని చెప్పేవారు. శిష్యులు ఆ పని చేస్తూ, లోలోపల విసుక్కుంటూ, ఎప్పటికో జవాబు తెలుసుకునేవారు. తెలుసుకోకుండానే వెళ్లిపోయినవాళ్లూ లేకపోలేదు.

గుంటూరులో పాడుబడ్డ పొగాకు గోదామును బాగుచేయించి చిత్రశాలగా మార్చిన మనిషి ఆవిడ. కాలేజీలో కళాచరిత్ర పాఠాలు చెబుతూ, సెలవులు దొరికితే చాలు, ఊళ్లు పట్టుకు తిరిగేవారు. ఆవిడ వెతికి తెచ్చిన చిత్రకారుల పేర్లు ఇవాళ దేశమంతా చెప్పుకుంటోంది; ఆ గోడలు ఎక్కకముందు వాళ్లెవరో పక్క వీధికి కూడా తెలియదు. పెద్దతనం మీదపడ్డాక చిత్రశాలను శిష్యురాలు సుధేష్ణ చేతిలో పెట్టి, ఏది ఉంచాలో ఏది పంపించాలో ఇక నీ ఇష్టమేనన్నారు. సుధేష్ణ వెంటనే ఒప్పుకోలేదు.

"అమ్మా, ఇంతమందిని పైకి తెచ్చారు. అసలు మీరు వాళ్లకు చేసిందేమిటి? అది తెలియకుండా మీ కుర్చీలో నేనెలా కూర్చోను?" అని అడిగింది.

తాయారమ్మ గారు గుమ్మం వైపు చూపించారు. అనంతపురం వైపు నుంచి వచ్చిన తోలుబొమ్మలాట కళాకారుడు గోవిందప్ప, చాపచుట్ట లాంటిదొకటి ఒళ్లో పెట్టుకుని పొద్దుటి నుంచి అక్కడే ఉన్నాడు. ముందు ఆయన తెచ్చింది చూడమన్నారు.

అది రావణాసురుడి బొమ్మ, తాతల నాటిది, మనిషంత ఎత్తు. ఆట నుంచి తప్పించిన బొమ్మను ఇంట్లో ఉంచుకోకూడదనీ, పూజ చేసి ఏట్లో వదలాలనీ వాళ్ల ఇంటి ఆచారం. వదిలేముందు ఒకసారి ఇక్కడ చూపిద్దామని వచ్చాడు.

"మీరు పెట్టుకుంటే ఉంటాది తల్లీ. లేదంటే పెన్నలో ఇడ్సేస్తా," అన్నాడు, బొమ్మ మీది నుంచి చూపు తిప్పకుండా.

సుధేష్ణ శ్రద్ధగానే పనిచేసింది. బొమ్మను తెల్లటి గోడకు బిగించి, గొప్ప చిత్రాలకు పెట్టే దీపాలన్నీ దానిమీదికి తిప్పింది. దీపాలు పెంచేకొద్దీ బొమ్మ ఇంకా నల్లగా కనబడింది. తరాల ఆముదపు దీపాల మసి పట్టి, పది తలల్లో ఒక్క ముఖమూ ఆనవాలు తెలియడం లేదు. చదివిన చదువంతా తిరగేసుకుని, చివరికి నొచ్చుకుంటూనే, ఇందులో చూడ్డానికేమీ మిగల్లేదని చెప్పేసింది. చదువుకున్నవాళ్లు చూసే పద్ధతి అదే కాబోలనుకున్నాడేమో, గోవిందప్ప బొమ్మను విప్పి చుట్టడం మొదలుపెట్టాడు.

తాయారమ్మ గారు లేచి దీపాలు ఆర్పమన్నారు. గోదాము పడమటి తలుపు బార్లా తెరిపించారు. చేతికర్ర పక్కన పెట్టి, గోవిందప్పతో బయటికి వెళ్లి, ఇద్దరూ చెరో వైపు నుంచి బొమ్మను గుమ్మానికి అడ్డంగా ఎత్తి పట్టుకున్నారు. మొదట ఆవిడ నీడే రావణుడి రొమ్ము మీద పడింది. ఆవిడ గోడవారకు ఒదిగారు.

సాయంత్రపు ఎండ తోలులోంచి లోపలికి వచ్చింది. నల్లతోలనుకున్నది నిప్పులా ఎర్రబడింది. పది ముఖాలూ, దేని కోపం దానిదిగా, కళ్లు తెరిచాయి. కిరీటాలకు పొడిచిన చిల్లుల్లోంచి వెలుగు చుక్కలు నేలమీద, ఆమె చీరమీద, చేతులమీద రాలాయి. ఇంతటివాణ్ణి చేజేతులా ఏట్లో కలపబోయానే అని ఆమెకు ఏడుపొచ్చింది. రావణుడని కూడా చూడకుండా రెండు చేతులూ ఎత్తి దండం పెట్టేసింది.

అవతలి నుంచి గురువుగారి గొంతు వినిపించింది. "బొమ్మ కనిపిస్తోందా?"

"కనిపిస్తోందమ్మా." సుధేష్ణ కళ్లు తుడుచుకుని ఆవిడ కోసం చూసింది. బొమ్మ అంచున ముడతలు పడ్డ నాలుగు వేళ్లు తప్ప ఇంకేమీ లేదు. "మీరే కనిపించడం లేదు."

"అయితే సరిగ్గానే పట్టుకున్నాం," అన్నారు తాయారమ్మ గారు.